ఒక్క అంకె మార్చడమేగా అంటున్నారు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సాఫ్ట్‌వేర్ ఆఫీసులు నడుపుతున్న యాజమాన్యాలకు, ప్రాజెక్టు మేనేజర్లకు, ఇక్కడ యాప్‌లు చేయించుకునే సంస్థల పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

పుట్టిన ఊరు వదలకుండా సాఫ్ట్‌వేర్ పని చేసుకునే వీలు మీరు ఆఫీసులు పెట్టబట్టే కలిగింది. ఆ సంగతి మరిచి రాస్తున్న ఉత్తరం కాదిది. బిల్డ్‌కి, అంటే కోడ్‌ని యాప్‌గా తయారుచేసే పనికి, సమయం అడిగితే ‘ఒక్క అంకె మార్చడమేగా’ అంటున్నారు. దాని గురించి పంపిన మెయిళ్లకు జవాబు రాలేదు. వేసిన టికెట్లు ‘లో ప్రయారిటీ’ కింద పడి ఉన్నాయి. మీటింగులో ఎత్తితే ‘ఈ రిలీజ్ అవనీండి, కూర్చుందాం’ అన్నారు. రిలీజ్ అయింది, దాని వెనకే ఇంకోటి వచ్చింది, కూర్చున్నది మాత్రం లేదు. అందుకే విషయాన్ని నలుగురిలో పెడుతున్నాం.

ఈ పని తెలియనివాళ్ల కోసం ఒక మాట. కోడ్ రాయడం వేరు, బిల్డ్ వేరు. రాసిన కోడ్‌ని, అది ఆధారపడిన వందలాది లైబ్రరీలని (ఇతరులు రాసిపెట్టిన కోడ్ ముక్కలని), వాటికి సరిపడే వెర్షన్ కంపైలర్‌ని (కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చేదాన్ని) ఒకచోట చేర్చి, వరస తప్పకుండా నడిపించి, రైతు ఫోన్‌లో దిగే యాప్‌గానో ఆసుపత్రి సర్వర్‌లో నడిచే ప్రోగ్రామ్‌గానో బయటికి తీసే పనిని బిల్డ్ అంటాం. కొండపి, టంగుటూరు వైపు వాళ్లకి పొగాకు ఆరబెట్టే బ్యారన్ అంటే అర్థమైపోతుంది. పొలంలో నెలల తరబడి పెంచిన ఆకు బ్యారన్‌లో సరైన వేడి మీద రోజుల తరబడి ఆరితేనే వేలం కేంద్రంలో దానికి రేటు. వేడి పంపే గొట్టం ఒకచోట చిల్లిపడితే ఆకు పోతుంది, ఒక్కోసారి బ్యారనే తగలబడుతుంది. మీరు విత్తనానికీ ఎరువుకీ కూలికీ లెక్క రాసుకుంటున్నారు. బ్యారన్ గొట్టాల దగ్గరికొచ్చేసరికి ఎవరో ఒకరు ఖాళీ దొరికినప్పుడు చూస్తారులే అంటున్నారు.

మా ఫిర్యాదులు ఇవి.

1. అన్నిటికన్నా ముందు ఆ ‘ఒక్క అంకె’ గురించి. గూగుల్ ప్లే ఏటా ఆగస్టు 31ని గడువుగా పెడుతోంది. యాప్ అప్‌డేట్లు 2024లో ఏపీఐ 34ని (అంటే ఆండ్రాయిడ్ 14ని), 2025లో ఏపీఐ 35ని (ఆండ్రాయిడ్ 15ని) టార్గెట్ చేయాలన్నది. బిల్డ్ ఫైల్‌లో చూస్తే అది నిజంగా ఒక్క అంకే, 34 చెరిపి 35 రాయడమే. ‘దీనికి మూడు వారాలేంటి’ అని అడిగారు. ఏంటో చూడండి.

ఆండ్రాయిడ్ యాప్ బిల్డ్‌ని నడిపే పనిముట్టు గ్రేడిల్. 35తో కంపైల్ కావాలంటే దానికి తగిలించే ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8.6 ఉండాలి. ఆ ప్లగిన్ గ్రేడిల్ 8.7 అడుగుతుంది. రెండూ నడవడానికి జేడీకే (జావా పనిముట్ల పెట్టె) 17 కావాలి. 2020 నాటి ప్రాజెక్టు చూస్తే జేడీకే 8 మీద, గ్రేడిల్ 6 మీద నిలబడి ఉంటుంది. గ్రేడిల్ 7లో అడుగుపెట్టగానే డిపెండెన్సీల (ఆధారపడిన లైబ్రరీల) దగ్గర ‘కంపైల్’ అని రాసిన వరసలేవీ చెల్లవు, అన్నిటినీ ‘ఇంప్లిమెంటేషన్’గా మార్చుకోవాలి. ప్లగిన్ 8కి వెళితే ప్రతి మాడ్యూల్‌కీ (యాప్‌లోని విడి భాగానికీ) నేమ్‌స్పేస్, అంటే గుర్తింపు పేరు, విడిగా రాయాలి. ఎప్పుడో ఎవరో తెచ్చి కలిపిన పాత మాడ్యూల్‌లో అది ఉండదు, బిల్డ్ అక్కడ ఆగుతుంది. అదీ దాటారనుకోండి, జేసెంటర్ ఎదురవుతుంది. చాలా ఏళ్లు ఆండ్రాయిడ్ లైబ్రరీలకు అదే పెద్ద గిడ్డంగి. 2021 ఫిబ్రవరిలో దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించారు. 2024 ఆగస్టు 15 నుంచి అక్కడికి వెళ్లే ప్రతి అభ్యర్థననీ మావెన్ సెంట్రల్ అనే ఇంకో గిడ్డంగికి మళ్లిస్తున్నారు. జేసెంటర్‌లో తప్ప ఇంకెక్కడా లేని లైబ్రరీ ఇక దొరకదు. రాసినాయన ఎప్పుడో వదిలేసిన అలాంటి ఓ చార్టుల లైబ్రరీకి బదులు ఇంకొకటి వెతికి, దాన్ని వాడిన స్క్రీన్లన్నీ తిరగరాయాలి.

ఇంతా చేస్తే బిల్డ్ ఆకుపచ్చగా (తప్పుల్లేకుండా) వస్తుంది. ఇల్లు అలకగానే పండగ కాదు. 35ని టార్గెట్ చేసిన యాప్ ఆండ్రాయిడ్ 15 ఫోన్‌లో తెర అంచుల దాకా పరుచుకుంటుంది. లేఅవుట్ సర్దకపోతే అడుగున ఉన్న ‘సబ్మిట్’ బటన్ ఫోన్ నావిగేషన్ బార్ కిందికి పోతుంది. వేలు పెడితే యాప్ మూసుకుపోతుంది, ఫారం పోదు. ఆపైన 2025 నవంబరు 1 నుంచి ఇంకో నిబంధన వచ్చింది. ఆండ్రాయిడ్ 15, ఆపై వెర్షన్లను టార్గెట్ చేసే యాప్‌లు 16 కేబీ మెమరీ పేజీలకు (ఫోన్ మెమరీని పంచే ముక్కలకు) తట్టుకోవాలి. మన సొంత కోడ్ అయితే ఎన్‌డీకే 28 (సీ, సీ++ కోడ్‌కి ఆండ్రాయిడ్ పనిముట్లు)తో మళ్లీ కంపైల్ చేసుకుంటాం. స్కానర్ కంపెనీవాళ్లో ప్రింటర్ కంపెనీవాళ్లో ముందే కంపైల్ చేసి ఇచ్చిన నేటివ్ లైబ్రరీ అయితే వాళ్లు కొత్తది ఇచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఇందులో ఒక్కటీ మీకు చూపించదగ్గ కొత్త ఫీచర్ కాదు. టైమ్‌షీట్‌లో రాద్దామంటే గడి కూడా లేదు.

2. కోడ్ ఎవరూ ముట్టుకోకపోయినా నిన్న వచ్చిన బిల్డ్ ఇవాళ రాదు. కారణం చాలాసార్లు ఒక టోపీ గుర్తు (^). ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ లైబ్రరీల గిడ్డంగి) ప్యాకేజీ ఫైల్‌లో వెర్షన్ ముందు ఆ గుర్తు ఉంటే, అదే పెద్ద వెర్షన్‌లో (మొదటి అంకె మారకుండా) ఎంత కొత్తదైనా తెచ్చుకోవచ్చని అర్థం. దిగిన వెర్షన్లన్నీ రాసి ఉంచే లాక్ ఫైల్‌ని రెపోలో (కోడ్ దాచుకునే చోట) పెట్టి, బిల్డ్ మెషీన్‌లో ‘ఇన్‌స్టాల్’కి బదులు ‘సీఐ’ ఆదేశం వాడితే ఏ లైబ్రరీ ఏ వెర్షనో కచ్చితంగా అదే దిగుతుంది, తేడా ఉంటే అక్కడే ఆగిపోతుంది. మేం పనిచేసే ప్రాజెక్టుల్లో చాలావాటికి లాక్ ఫైల్ లేదు. ‘మెర్జ్ చేసేటప్పుడు (అందరి కోడ్ కలిపేటప్పుడు) గొడవ పెడుతోంది’ అని దాన్ని తీసేయించిన మేనేజర్లూ ఉన్నారు, పేర్లు అక్కర్లేదు. 2016 మార్చి 22న లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని దాని యజమాని ఎన్‌పీఎం నుంచి తీసేసుకుంటే ప్రపంచం నలుమూలలా బిల్డ్‌లు ఆగిపోయాయి. అక్షరాల ఎడమపక్క ఖాళీలు నింపడం తప్ప అది చేసే పనేమీ లేదు.

3. కింద నేల కదులుతూనే ఉంటుంది. జావాస్క్రిప్ట్‌ని నడిపే నోడ్ 17లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3 (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) వచ్చాక వెబ్‌ప్యాక్ 4 (వెబ్ కోడ్‌ని కట్టగట్టే పనిముట్టు) మీద ఉన్న ప్రాజెక్టులు ‘అన్‌సపోర్టెడ్’ అని పడిపోయాయి. పాత పద్ధతినే వాడమనే ‘లెగసీ ప్రొవైడర్’ ఆప్షన్ ఒకటి తగిలించి దాటేయడం అలవాటైంది, ఆ అతుకు ఇప్పటికీ చాలాచోట్ల ఉంది. పైథాన్ 3.12లో డిస్ట్‌యుటిల్స్ అనే బిల్డ్ మాడ్యూల్‌ని పీకేశారు, పాత నోడ్-జిప్ (నోడ్‌కి నేటివ్ మాడ్యూళ్లు కంపైల్ చేసేది) మీద ఆధారపడినవన్నీ దానితో పాటే కూలాయి. సెంటోస్ 7 లైనక్స్‌కి 2024 జూన్ 30తో మద్దతు ముగిసింది. దాని మీద కట్టిన పాత డాకర్ ఫైల్‌లో (బిల్డ్‌కి కావలసిన వాతావరణాన్ని ఒక ఇమేజ్‌గా తయారుచేసే ఫైల్‌లో) ‘యమ్ ఇన్‌స్టాల్’ అనే ప్యాకేజీలు దించే ఆదేశం ఉంటే ఇప్పుడు ప్యాకేజీల నకళ్లు ఇచ్చే మిర్రర్ సర్వర్ పేరే దొరకదు, పాత వెర్షన్లు దాచే వాల్ట్ చిరునామాకి మార్చుకోవాలి. డాకర్ ఇమేజ్‌ల గిడ్డంగి డాకర్ హబ్ 2020 నవంబరులో లాగిన్ లేనివాళ్లకి ఒక్కో ఐపీకి 6 గంటలకు 100 సార్లే దించుకోవాలని హద్దు పెట్టింది. ఆఫీసంతా ఒకే కనెక్షన్, ఒకే ఐపీ. ఉదయం పదింటికి అందరూ ఒకేసారి మొదలుపెడితే మధ్యాహ్నం భోజనానికి ముందే కోటా అయిపోతుంది.

4. ‘నా ల్యాప్‌టాప్‌లో వస్తోందే’ అన్న మాట వినిపించిన ప్రతి ఆఫీసులోనూ బిల్డ్ మెషీన్ లేదని లెక్క. విండోస్‌కి పెద్దక్షరం చిన్నక్షరం తేడా పట్టదు, లైనక్స్ సర్వర్‌కి పడుతుంది. కాబట్టి ఫైల్ పేరులో ఒక్క అక్షరం తేడా సర్వర్ మీదికి వెళ్లాక గాని బయటపడదు. విండోస్‌లో సేవ్ చేసిన గ్రేడిల్ స్క్రిప్టు లైన్ల చివర కనపడని అక్షరం ఒకటి అంటుకుని లైనక్స్‌లో ‘అలాంటి ఫైల్ లేదు’ అంటుంది. ఫైల్ కళ్లముందే ఉంటుంది. ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోతే ఫైల్ దారికి విండోస్ పెట్టిన 260 అక్షరాల హద్దు తగులుతుంది.

అసలు ప్రమాదం ఆ ల్యాప్‌టాప్ ఉన్న మనిషి ఉద్యోగం మానేసినప్పుడు. రిలీజ్ అయ్యాక మెషీన్ ఫార్మాట్ కొట్టి కొత్తగా చేరినవాళ్లకి ఇస్తారు. ఏరు దాటి తెప్ప తగలేయడమే ఇది, మూడు నెలలకు మళ్లీ అదే ఏరు దాటాలి. ఆ డిస్కులో యాప్ సంతకం కీస్టోర్ (యాప్ మనదేనని రుజువు చేసే డిజిటల్ కీల ఫైల్) ఉంటే ఇక చెప్పేదేముంది. 2021 ఆగస్టు నుంచి ప్లేలో పెట్టే కొత్త యాప్‌లకు సంతకం కీ గూగుల్ దగ్గరే ఉంటుంది, ప్లేకి పంపేటప్పుడు మనం వాడే అప్‌లోడ్ కీ పోతే మార్పించుకోవచ్చు. అంతకుముందు యాప్‌లలో ఆ పద్ధతిలోకి మారనివాటి కీ పోయిందంటే ఆ యాప్‌కి ఇక అప్‌డేట్ లేదు. కొత్త పేరుతో మళ్లీ పెట్టాలి, వాడేవాళ్లంతా పాతది తీసేసి కొత్తది వేసుకోవాలి. పాత యాప్‌లో ఫోన్‌లోనే దాచుకున్న లెక్కలు దానితోపాటే పోతాయి.

5. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ మీద ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్, బ్రౌజర్ తెరిచి బిల్డ్ కొడితే ర్యామ్ చాలక డిస్కుని మెమరీగా వాడుకోవడం (స్వాప్) మొదలవుతుంది. వెనక నడిచే గ్రేడిల్ డెమన్‌కి మామూలుగా ఇచ్చే హీప్ (మెమరీ వాటా) 512 ఎంబీ. పెద్ద ప్రాజెక్టుకి అది చాలదు, 4 జీబీకి పెంచితే మిగతావాటికి చోటుండదు. కాష్ (ముందు బిల్డ్‌లో దాచుకున్నది) పాడైందేమో అన్న అనుమానంతో ప్రతిసారీ ‘క్లీన్’ కొట్టి అంతా చెరిపి మొదలుపెట్టే అలవాటు దీన్నుంచే పుట్టింది. రెండు నిమిషాల పని ఇరవై నిమిషాలవుతుంది.

6. భద్రత. 2021 డిసెంబరులో జావా ప్రోగ్రాములు లాగ్ రాసుకునే లాగ్‌ఫోర్‌జే లైబ్రరీలో లోపం బయటపడ్డప్పుడు సవరణలు ఒక్క నెలలో నాలుగు వచ్చాయి, 2.15 నుంచి 2.17.1 దాకా. బిల్డ్ కుదురుగా ఉన్నచోట ప్రతిసారీ వెర్షన్ అంకె మార్చి సాయంత్రానికి సర్వర్‌కి ఎక్కించేశారు. కుదురుగా లేనిచోట ముందు బిల్డ్ లేపాలి, ఆ తర్వాతే లోపం సంగతి. ఇక సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ విషయంలో దొంగలు బిల్డ్ వ్యవస్థలోకే దూరి కోడ్ కలిపారు. కంపెనీ సంతకంతోనే వెళ్లిన ఆ అప్‌డేట్ సుమారు 18,000 మంది ఖాతాదారుల దాకా చేరిందని 2020 డిసెంబరులో తేలింది. 2024 మార్చిలో ఫైళ్లు కుదించే పనిముట్టు ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1లలో పట్టుబడిన దొంగదారి కూడా ఇలాంటిదే. దాన్ని మేల్కొలిపే స్క్రిప్టు అందరూ చూసే గిట్ రెపోలో లేదు, విడుదల టార్‌బాల్‌లోనే (విడుదల కోసం కట్టిన ఫైళ్ల మూటలోనే) ఉంది. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఒక ఇంజనీరు ఆరా తీయబట్టి దొరికింది. బిల్డ్‌ని పట్టించుకునే మనిషి అంటూ లేని ఆఫీసులో ఆ అర సెకను ఎవరి కంటపడుతుంది?

ఇదంతా ఇంజనీర్ల గోల అని పక్కన పెట్టకండి. చివరికి భారం పడేది వేరేవాళ్ల మీద.

రొయ్య రేటు కౌంట్‌ని బట్టి ఉంటుంది. కిలోకి 40 తూగితే ఒక ధర, 100 తూగితే ఇంకొకటి. రేటు చూపించే యాప్‌లో 58 కౌంట్‌ని 60 వరసలో వేసే తప్పు దొర్లిందనుకోండి. సవరణ ఒక్క లైను. బిల్డ్ రావడానికి పది రోజులు. ఈలోపు కోట వైపో సింగరాయకొండ వైపో రైతు ఆ రేటు చూసి పట్టుబడికి దిగితే, తెల్లవారుజామున వల లాగి ఐసు కొట్టిన రొయ్యని మళ్లీ చెరువులో వదల్లేడు. ఆ పది రోజుల తేడా ఎవరు కట్టిస్తారు?

అప్‌డేట్ చేయక టార్గెట్ ఏపీఐ బాగా వెనకబడిన యాప్ కొత్త ఫోన్ కొన్నవాళ్లకి ప్లే స్టోర్‌లో దొరక్కుండా పోతుంది. పాతవాళ్లకి పనిచేస్తుంది కాబట్టి ఆఫీసులో ఎవరికీ తెలియదు. అప్పుడు ఏం చేస్తున్నారు? స్టోర్‌తో పనిలేకుండా నేరుగా వేసుకునే ఏపీకే ఫైల్‌ని వాట్సాప్ గ్రూపుల్లో పంపిస్తున్నారు. పీఎం కిసాన్ పేరుతో, బ్యాంకుల పేరుతో నకిలీ ఏపీకేలు పంపి ఖాతాలు ఊడ్చేస్తున్న రోజులివి. ‘తెలియని ఏపీకే వేసుకోవద్దు’ అని పోలీసులు ఒకవైపు చెబుతుంటే, ‘సెట్టింగ్స్‌లో అనుమతి ఇచ్చి వేసుకోండి’ అని మనమే నేర్పుతున్నాం. ఇది మాత్రం వెంటనే ఆపాలి.

తుఫాను రోజుల సంగతి మీకు చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మన తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ భయం ఉండనే ఉంటుంది. హెచ్చరికలు, పరిహారం ఫారాలు, ఆసుపత్రి పడకల వివరాలు అత్యవసరంగా మార్చాల్సింది ఆ రోజుల్లోనే, ఫైబర్ తెగేదీ ఆ రోజుల్లోనే. ప్రతి బిల్డ్‌కీ లైబ్రరీలన్నీ బయటినుంచి దించుకునే ఏర్పాటైతే పని అక్కడితో సరి.

మేం కోరేవి ఇవి.

1. ప్రతి ప్రాజెక్టుకీ బిల్డ్ బాధ్యత ఫలానావారిదని కాగితం మీద రాయండి. వాళ్లు లేనప్పుడు చూసే రెండో మనిషి పేరు కూడా. వారానికి కనీసం 4 గంటలు, టైమ్‌షీట్‌లో దానికంటూ ఒక గడి. రాత్రి పది తర్వాత చేసింది ఇందులోకి రాదు.

2. ఆఫీసుకొక బిల్డ్ మెషీన్ కొనండి. 8 కోర్లు, 32 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్ఎస్‌డీ, యూపీఎస్. ఎవరి టేబుల్ మీదా ఉండకూడదు, దాని మీద ఎవరూ కోడ్ రాయకూడదు. బయటికి వెళ్లే ప్రతి రిలీజ్ అక్కడినుంచే వెళ్లాలి.

3. లాక్ ఫైళ్లు, గ్రేడిల్ వ్రాపర్ (ఏ గ్రేడిల్ వెర్షనో ఖాయం చేసేది), దాని షా-256 చెక్‌సమ్ (ఫైల్ మారలేదని సరిచూసే సంఖ్య), జేడీకే వెర్షన్, డాకర్ ఇమేజ్ డైజెస్ట్ (ఆ ఇమేజ్ గుర్తింపు సంఖ్య) అన్నీ రెపోలో ఉండాలి. ‘లేటెస్ట్’ అనే పదం బిల్డ్ ఫైల్‌లో కనిపించకూడదు.

4. నెక్సస్ లాంటి లైబ్రరీల గిడ్డంగి ఆఫీసులోనే పెట్టండి. ఒకసారి దించింది అక్కడే ఉంటుంది. నెలకొకసారి ఇంటర్నెట్ వైరు పీకి బిల్డ్ వస్తోందో లేదో చూద్దాం. తుఫాన్ల కాలానికి ముందు సెప్టెంబరులో తప్పనిసరిగా.

5. కీస్టోర్, దాని పాస్‌వర్డు ఇద్దరి దగ్గర, రెండు వేర్వేరు చోట్ల ఉండాలి. రెపోలో ఉండకూడదు. మనిషి మారిన రోజే పాస్‌వర్డు మారాలి. పాత యాప్‌లను ఈ మూడు నెలల్లో ప్లే సంతకం పద్ధతిలోకి మార్చాలి.

6. రోజూ రాత్రి ఒక బిల్డ్ తనంతట తాను నడవాలి. ఎర్రగా వస్తే (విఫలమైతే) పొద్దున మొదటి పని దాన్ని బాగుచేయడమే, అంతవరకు కొత్త కోడ్ కలపకూడదు. క్లయింట్ ఫోన్ చేసినా సరే.

7. పని అప్పగించే సంస్థలకు: ఒప్పందంలో ఒక వాక్యం చేర్చండి. యాప్ చేతికిచ్చేటప్పుడు కోడ్‌తోపాటు, ఏమీ లేని కొత్త మెషీన్ మీద మీ ముందు బిల్డ్ చేసి చూపించాలని. చివరి బిల్లు అది అయ్యాకే. ఇప్పుడు సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో తీసుకుంటున్న కోడ్‌లో బిల్డ్ అయ్యేదెంతో ఎప్పుడైనా వేయించి చూశారా?

8. ఆగస్టు 31 ఏటా వస్తుంది. దాని పని మే నెలలో మొదలుపెట్టాలి, ఆగస్టు 20న కాదు.

వీటిలో ఖర్చయ్యేవి రెండో కోరిక, నాలుగో కోరిక మాత్రమే. రెండింటికీ కలిపి అయ్యేది ఒక మంచి ల్యాప్‌టాప్ ధరకి అటూఇటూ, నెక్సస్‌కి ఉచిత ఎడిషన్ ఉంది. మిగతావన్నీ మీ సంతకంతో అయ్యేవే.

మా మాట నమ్మబుద్ధి కాకపోతే ఈ సోమవారం ఒక పరీక్ష పెట్టండి. ఆ ప్రాజెక్టు ఎప్పుడూ చూడనివాళ్లని కూర్చోబెట్టండి, కొత్త మెషీన్ ఇవ్వండి, రెపో చిరునామా, రీడ్‌మీ (ప్రాజెక్టు సూచనల ఫైల్) తప్ప ఇంకేమీ చెప్పకండి. ఉదయం తొమ్మిదిన్నరకు మొదలుపెట్టించండి. మధ్యలో ఎవరినీ ఏమీ అడగకుండా మధ్యాహ్నం ఒంటిగంటకు ప్లే స్టోర్‌కి పంపదగ్గ ఫైల్ చేతికొస్తే ఈ ఉత్తరం వెనక్కి తీసుకుంటాం. రాకపోతే, ఎక్కడ ఆగిందో ఆ లాగ్ ప్రింటు తీసి మీ టేబుల్ మీద పెట్టుకుని, పైన రాసిన మొదటి కోరిక మీద ఆ రోజే సంతకం చేయండి.

ఇట్లు,
నెల్లూరు, కావలి, ఒంగోలు ఆఫీసుల్లో బిల్డ్ పని చూస్తున్న డెవలపర్లు